బతకాలనిపించని రోజుల్లో ఏది ముందు, ఏది తర్వాత: ఒంటరిగా ఉంటున్నవారికి మార్గదర్శి

"బతకాలన్న ఆశ ఎలా తెచ్చుకోవాలి?" అని అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇంటికి దూరంగా ఒక గదిలో ఉండేవాళ్లే. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతున్నవాళ్లు, మాదాపూర్ పీజీల్లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నవాళ్లు, పిల్లలు అమెరికా వెళ్లాక ఊళ్లో ఒక్కరే మిగిలిన పెద్దవాళ్లు, ఆ అమెరికాలోనే వీసా టెన్షన్‌తో అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉన్న పిల్లలు.

వీళ్లలో చాలామంది చివరి మెట్టు నుంచి మొదలుపెడతారు. రాత్రి రెండింటికి కూర్చుని "అసలు నేనెందుకు బతకాలి" అని ఆలోచిస్తారు. జవాబు దొరకదు. "చూశావా, ఏమీ లేదు" అనుకుని ఇంకాస్త కుంగిపోతారు.

సరిగ్గా తిండి, నిద్ర లేక, పలకరించే మనిషి లేక అలిసిపోయిన బుర్ర ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. అందుకే దీనికి ఒక వరుస ఉంది. ఆశ చివర్లో వస్తుంది. అది రాకముందే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, అవి ఆశ లేకుండా కూడా చేయొచ్చు. కింద ఉన్నది ఆ వరుసే. అన్నీ ఈ రోజే చదవక్కర్లేదు. మొదటిది మాత్రం అందరూ చదవండి.

## 1. ఈ రాత్రే గడవడం కష్టంగా ఉంటే

చచ్చిపోవాలన్న ఆలోచన బలంగా ఉంటే మిగతా గైడ్ పక్కన పెట్టి, ఇవి వరుసగా చేయండి.

- 14416కి ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంకో నంబరు 1800-89-14416.
- గదిలో ఒక్కరే ఉండకండి. పక్క గది తలుపు కొట్టండి. అసలు విషయం చెప్పలేకపోతే "ఒంట్లో బాగోలేదు, కాసేపు మీ దగ్గర కూర్చుంటా" అంటే చాలు.
- మీకు హాని చేయగల వస్తువు దగ్గరుంటే దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చేయండి. ఇవ్వలేకపోతే మీరే అక్కడి నుంచి బయటికి, మనుషులున్న చోటికి వచ్చేయండి.
- ఈ రాత్రి మద్యం ముట్టుకోవద్దు. కాస్తో కూస్తో ఉన్న నిలకడ కూడా దానితో పోతుంది.
- ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి ఎవరినైనా తీసుకెళ్లమనండి. పైకి బాగానే ఉన్నట్టు అనిపించినా "ఏం కాలేదులే" అని పడుకోవద్దు. కొన్నిటి ప్రభావం ఆలస్యంగా బయటపడుతుంది.

దేశం బయట ఉన్నవాళ్లకు: అమెరికా, కెనడాల్లో 988. బ్రిటన్‌లో 116 123. ఆస్ట్రేలియాలో 13 11 14.

ఫోన్ కలిశాక ఏం చెప్పాలో తెలియక పెట్టేసేవాళ్లున్నారు. ఈ మాటలు చూసి చదివేయండి: "నాకు చచ్చిపోవాలనిపిస్తోంది. గదిలో ఒంటరిగా ఉన్నాను. ఏం చేయాలో తెలియట్లేదు." మిగతావి వాళ్లే అడుగుతారు. లైను కలవకపోతే మళ్లీ చేయండి, ఆ లోపు పక్క గదికి వెళ్లండి.

ఆ ఆలోచన ఎంత బలంగా వచ్చినా గంటల తరబడి అదే తీవ్రతతో ఉండిపోదు. పెరుగుతుంది, తగ్గుతుంది. ఈ రాత్రి చేయాల్సిన పని అది తగ్గేదాకా సురక్షితంగా ఉండడం, అంతే. జీవితం గురించి తీర్మానాలేవీ ఈ రాత్రి వద్దు.

పోలీసు కేసు అవుతుందేమోనని ఆసుపత్రికి వెళ్లడానికి భయపడేవాళ్లకు ఒక మాట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. శిక్షించే మాట అటుంచి, చికిత్స, సంరక్షణ ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిదేనని ఆ చట్టమే చెబుతోంది.

## 2. మీకున్నది ఏంటో తేల్చుకోండి

డిప్రెషన్, ఒంటరితనం రెండూ ఒకటి కావు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి గానీ, ఏది ఎంత ఉందో తెలిస్తే పని తేలికవుతుంది.

సంక్రాంతికి ఇంటికెళ్లిన మూడు రోజులూ ప్రాణం లేచివచ్చి, తిరుగు బస్సు ఎక్కగానే మళ్లీ గుండె బరువెక్కితే ఒంటరితనం పాలు ఎక్కువ. అదే ఇంట్లో అందరి మధ్య కూర్చుని అరిసెలు తింటున్నా ఏదీ పట్టనట్టు, రుచే లేనట్టు ఉంటే డిప్రెషన్ పాలు ఎక్కువ.

డిప్రెషన్‌ను చూసుకోవడానికి పీహెచ్‌క్యూ-9 అనే 9 ప్రశ్నల పట్టిక ఉంది. తెలుగులోనూ దొరుకుతుంది. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత, ఇష్టమైన పనుల మీద ఆసక్తి, తన మీద తనకు చిన్నచూపు వంటివి ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టాయో ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 27. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరుకు చూపించుకోవాల్సిందే. 9వ ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి 0 కాకుండా వేరే ఏ అంకె వేసినా, మొత్తం ఎంత వచ్చిందన్నది పక్కన పెట్టి డాక్టరును కలవండి.

ఇది జబ్బును ఖాయం చేసే పరీక్ష కాదు. డాక్టరు ముందు కూర్చుని "ఏమో సార్, బాగుండట్లేదు" అనే బదులు చూపించడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది. దాని ఉపయోగం అదే.

## 3. భద్రత కాగితం రాయండి

కాస్త నిలకడగా ఉన్న పూట చేయాల్సిన పని ఇది. మానసిక వైద్యులు రోగులతో కూర్చుని రాయించే సేఫ్టీ ప్లాన్‌లో ఆరు భాగాలుంటాయి. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు తయారుచేసిన పద్ధతి. డాక్టరు దొరికేదాకా మీరే అరఠావు మీద రాసుకోవచ్చు. చదువుకోవడానికి వచ్చి గదిలో ఉంటున్న కుర్రాడి కాగితం ఇలా ఉండొచ్చు:

1. నాకు మొదలయ్యే గుర్తులు: రెండు రోజులు స్నానం మానేస్తాను. అమ్మ ఫోన్ ఎత్తను. "నేను లేకపోతేనే వాళ్లకు నయం" అన్న మాట బుర్రలో తిరుగుతుంది.
2. ఒక్కడినే చేయగలిగేవి: చల్లటి నీళ్లతో ముఖం కడుక్కోవడం. మెట్లు దిగి వీధి చివరిదాకా నడవడం. పాత కామెడీ సీన్లు.
3. ఊరికే వెళ్లి కూర్చునే చోట్లు: చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ. మూల మీద టీ కొట్టు. గుడి అరుగు.
4. ఫోన్ చేయగల మనుషులు: పిన్ని, ఇంటర్ ఫ్రెండ్, కింది గది అన్న. పక్కనే నంబర్లు.
5. డాక్టరు, హెల్ప్‌లైన్: డాక్టరు నంబరు, 14416.
6. గదిలోంచి తీసేయాల్సినవి: ఏంటి, ఎవరికి ఇచ్చాను.

ఆరోది అందరూ దాటేస్తారు. నా లెక్కలో మొదట పూర్తి చేయాల్సింది అదే. ప్రమాదం ఎక్కువగా ఆ కొద్ది నిమిషాల్లో చేతికి ఏం అందుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. పల్లెల్లో పొలం మందుల్ని ఇంట్లో పెట్టకుండా, తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచాలి. మీరు వాడే మాత్రలు ఒకేసారి నెలకు సరిపడా తెచ్చుకునే బదులు వారానికి సరిపడా తెచ్చుకోండి, లేదా రూమ్మేట్ దగ్గర ఉంచండి.

ఫోన్లో నోట్స్‌గా రాస్తే అవసరమైనప్పుడు వెతికే ఓపిక ఉండదు. కాగితం మీద రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించండి. దాని ఫొటో నాలుగో వరుసలో ఉన్న ఒకరికి పంపండి.

## 4. ఒక్కరికి చెప్పండి

పదిమందికి అక్కర్లేదు. ఒక్కరు చాలు. ఆ ఒక్కరు మీకు అందరికంటే దగ్గరివాళ్లే కానక్కర్లేదు. వెంటనే ఏడ్చేసేవాళ్లు, వెంటనే ప్రవచనం చెప్పేవాళ్లు మొదటి మనిషిగా పనికిరారు. చెప్పింది విని, ఇంకొకరికి చేరవేయకుండా, ఆదివారం వస్తానంటే వచ్చేవాళ్లు కావాలి. బాబాయి కావచ్చు, పాత లెక్చరర్ కావచ్చు, ఆఫీసులో పక్క సీటు అక్క కావచ్చు.

ఎదురుగా చెప్పలేకపోతే మెసేజ్ పెట్టండి. కొన్ని నమూనాలు:

స్నేహితుడికి: "మామా, నెల రోజుల నుంచి అస్సలు బాగుండట్లేదు. నిద్ర లేదు, ఏదీ చేయాలనిపించట్లేదు. సలహాలు వద్దురా. ఆదివారం ఓ గంట వచ్చి కూర్చుంటావా?"

అక్కకు: "అక్కా, ఒక మాట చెప్తాను, కంగారు పడకు. ఈ మధ్య బతకాలని లేదన్న ఆలోచనలు వస్తున్నాయి. డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది. నాతో వస్తావా?"

నాన్నకు: "నాన్నా, నాకు డిప్రెషన్ అని డాక్టర్ చెప్పారు. మందులు ఇచ్చారు, కొన్ని నెలలు వాడాలి. చదువు మానేయట్లేదు, కాస్త నెమ్మదిగా చదువుతాను. మీరు రోజూ రాత్రి ఓ పది నిమిషాలు మాట్లాడితే చాలు."

ప్రతి దాంట్లోనూ చివర ఒక చిన్న పని అడిగాం, గమనించండి. "నేను బాగోలేను" అని ఆపేస్తే అవతలివాళ్లకు ఏం చేయాలో తోచదు. తోచక "అన్నీ సర్దుకుంటాయిలే" అంటారు. వచ్చి కూర్చో, తోడు రా, రోజూ ఫోన్ చెయ్యి అని అడిగితే చేస్తారు.

### ఎదురయ్యే మాటలు, వాటికి జవాబులు

"నీకేం తక్కువ?" "తక్కువై రాలేదు పిన్నీ. జ్వరం వచ్చినట్టే వచ్చింది."

"పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది." దీనికి మాత్రం మెత్తగా చెప్పకండి. "ముందు ఆరోగ్యం, పెళ్లి మాట తర్వాత" అని అక్కడే ఆపండి. డిప్రెషన్ ఇంకా నయం కాకముందే చేసే పెళ్లిలో ఇంకో మనిషి కూడా నలిగిపోతారు.

"ఎవరిదో దిష్టి తగిలింది, తాయెత్తు కట్టిద్దాం." దీని మీద గొడవ పడి ఓపిక పోగొట్టుకోవద్దు. "సరే అమ్మమ్మా, తాయెత్తు కట్టు. డాక్టరు దగ్గరికి కూడా వెళ్తాను" అంటే ఇద్దరి మాటా చెల్లుతుంది.

మొదటి మనిషి సరిగ్గా వినకపోతే అడిగింది తప్పని అనుకోకండి. ఆ మనిషి సరిపోలేదు. రెండో మనిషి దగ్గరికి వెళ్లండి.

## 5. డాక్టరును కలవండి

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్టు మాటలతో చేసే చికిత్స ఇస్తారు, మందులు రాయరు. చావు ఆలోచనలు ఉన్నా, నిద్ర, తిండి బాగా దెబ్బతిన్నా ముందు సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడం మంచిది. తేలికపాటి డిప్రెషన్‌కు మాటల చికిత్సతోనే సరిపోవచ్చు.

ఎక్కడ? ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, జిల్లా ఆసుపత్రుల్లోనూ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఈ సేవలుంటాయి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. "ఎర్రగడ్డ" అనగానే జనం వేసే జోకులు విని ఆగిపోకండి. అక్కడి ఓపీ వరుసలో నిలబడేది మనలాంటివాళ్లే. మీ దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో 14416 వాళ్లనే అడగొచ్చు.

వెళ్లేముందు సర్దుకోవాల్సినవి:

- పీహెచ్‌క్యూ-9 కాగితం
- ఇప్పుడు వాడుతున్న అన్ని మందుల పేర్లు (ఆయుర్వేదం, హోమియో సహా)
- పాత రిపోర్టులు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 ఉంటే అవి
- తోడుగా ఒకరు
- ఓపీ పొద్దున ఉంటుంది కాబట్టి ఆ రోజుకు సెలవు

థైరాయిడ్ తక్కువగా ఉన్నా, రక్తహీనత ఉన్నా, బీ12 లోపించినా ఇదే నీరసం, ఇదే నిరాసక్తత రావచ్చు. డాక్టరు ఈ పరీక్షలు రాస్తే డబ్బు దండగ అనుకోకండి.

తప్పకుండా చెప్పాల్సినవి: చావు ఆలోచనలు వస్తున్నాయా, ఎలా చేయాలన్న దాకా వెళ్లాయా. ఎంత తాగుతారు. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా. ఇంకోటి, చాలామంది చెప్పనిది: ఎప్పుడైనా నిద్రే లేకుండా రోజుల తరబడి విపరీతమైన హుషారుగా, చేతికొచ్చినట్టు ఖర్చు చేస్తూ తిరిగారా. అలా జరిగి ఉంటే మందుల ఎంపికే మారిపోతుంది.

ఓపీలో డాక్టరుకు దొరికే సమయం తక్కువ. మొదటి వాక్యంలోనే అసలు విషయం చెప్పేయండి: "డాక్టర్ గారూ, రెండు నెలలుగా నిద్ర లేదు, బతకాలని లేదు." నిద్ర పట్టట్లేదని మాత్రమే చెబితే నిద్ర మాత్రతో బయటికి వచ్చేస్తారు.

### మందుల గురించి తెలుసుకోవాల్సినవి

ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఒక్సెటిన్ లాంటివి ఎక్కువగా రాస్తారు. తేడా కనిపించడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది, పూర్తిగా పనిచేయడానికి 6 నుంచి 8 వారాలు. కానీ వికారం, తలనొప్పి, నిద్రలో తేడా లాంటి ఇబ్బందులు మొదటి వారంలోనే వస్తాయి. అంటే ముందు ఇబ్బంది, తర్వాత లాభం. ఇది తెలియక "నాకు పడలేదు" అని వారానికే ఆపేసేవాళ్లు ఎందరో.

25 ఏళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో కంగారు, చావు ఆలోచనలు పెరిగే అవకాశం కొంత ఉంటుంది. అప్పుడు ఎవరైనా దగ్గరుండాలి. అలా అనిపిస్తే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఇవి వ్యసనం అయ్యే మందులు కావు. అయితే ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు లాంటివి వస్తాయి, అందుకే డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించుకుంటూ రావాలి. అలవాటయ్యే ప్రమాదం ఉన్నది ఆల్ప్రాజోలామ్ లాంటి మాత్రలతో. వాటిని మెడికల్ షాపులో అడిగి సొంతంగా తెచ్చుకోవద్దు.

బాగైపోయాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు కొనసాగించమంటారు. బాగున్నామని ఆపేయడం వల్లే చాలామందికి మళ్లీ వస్తుంది.

రహస్యం సంగతి: మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టమే చెబుతోంది. బీమా కంపెనీలు శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ కవరేజి ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. చాలా పాలసీలు ఓపీ ఖర్చు ఇవ్వవు కాబట్టి కాగితాలు ఒకసారి చదువుకోండి.

ఒక డాక్టరు మీ మాట వినకుండా కసురుకుంటే, డాక్టరును మార్చండి. చికిత్స మానేయకండి.

## 6. రోజుకు నాలుగు పనులు

మందు పనిచేసే లోపు, మందు అవసరం లేనివాళ్లకైతే ఈ రోజు నుంచే, చేయాల్సింది ఇది. "మనసు బాగుంటే చేస్తాను" అనుకుంటే ఎప్పటికీ మొదలవదు. చేస్తే మనసు కాస్త కదులుతుంది. వరుస అటు నుంచే.

1. ఒకే వేళకు లేచి కిటికీ తీయడం
2. స్నానం
3. వేళకు రెండు పూటలైనా తినడం
4. ఒకసారి గేటు దాటి బయటికి వెళ్లి రావడం

ఇంతే. యోగా, జిమ్, డైరీ, ధ్యానం అన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టి బుధవారానికి మానేసి తనను తానే తిట్టుకోవడం ఈ జబ్బులో మామూలుగా జరిగేదే.

నాలుగైనా బరువుగా ఉంటే ఇంకా చిన్నవి చేయండి. చాలా గదుల్లో కనిపించే దృశ్యం చెప్తాను: బాత్‌రూమ్‌లో బకెట్లో నానేసిన బట్టలు. మొన్న నానేసినవి. సర్ఫ్ నురగ పోయి నీళ్లు నల్లబడి వాసన వస్తుంటాయి. వాటిని చూసినప్పుడల్లా "ఈపాటి పని కూడా చేతకాదు నాకు" అనిపిస్తుంది, అందుకని బాత్‌రూమ్‌కే వెళ్లబుద్ధి కాదు, స్నానం కూడా ఆగిపోతుంది.

దాన్ని ఇలా విడగొట్టండి. ఈ రోజు: ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పట్టడం, అంతే. సాయంత్రం ఓపిక ఉంటే ఒక చొక్కా, ఒక టవలు ఉతికి ఆరేయడం. మిగతావి రేపు, లేదా కిలోల లెక్కన ఉతికే లాండ్రీకి. డబ్బులిచ్చి ఉతికించుకోవడం ఈ నెలకు బద్ధకం కిందికి రాదు.

ప్రతి పనికీ ముందు, తర్వాత మనసు ఎలా ఉందో 10కి ఎంతో చిన్న పుస్తకంలో వేసుకోండి. 2 కాస్తా 3 అయిందంటే చాలు. వారం తర్వాత చూస్తే ఏ పని కాస్తైనా లేపుతోందో, ఏది కిందికి లాగుతోందో మీకే కనిపిస్తుంది. రీల్స్ చూశాక అంకె ఎటు వెళ్లిందో ప్రత్యేకంగా చూడండి.

తరచూ జరిగే పొరపాటు: కాస్త బాగున్న రోజున గది మొత్తం కడిగి, పెండింగ్ సిలబస్ అంతా ముందేసుకుని, రాత్రికి కుప్పకూలడం. బాగున్న రోజున కూడా అనుకున్న దాంట్లో ముప్పావు వంతు చేసి ఆపండి.

## 7. ఒంటరితనానికి మనుషులు కావాలి, అదీ కొద్దికొద్దిగా

డిప్రెషన్ మందుతో ఒంటరితనం పోదు. దానికి మనుషులే కావాలి. అయితే ప్రాణస్నేహితుణ్ని వెతకడంతో మొదలుపెడితే నిరాశే. కింది నుంచి రండి.

మొదటి రెండు వారాలు, ఒకే ముఖాలు: రోజూ ఒకే వేళకు ఒకే టీ కొట్టు, ఒకే పార్కు, లైబ్రరీలో ఒకే బల్ల. మాట్లాడక్కర్లేదు. ఐదారు రోజులకు టీ కొట్టాయన మీరు అడక్కుండానే చక్కెర తక్కువ వేసి ఇస్తాడు. అది చిన్న విషయమే. రోజంతా మీ పేరు ఎవరూ పిలవని మనిషికి చిన్నది కాదు.

తర్వాత, కలిసి చేసే పని: ఎదురుబొదురు కూర్చుని మాట్లాడడం కష్టంగా ఉన్నవాళ్లకు పక్కపక్కన పని చేయడం తేలిక. షటిల్, గుళ్లో అన్నదానం రోజు వడ్డన, చర్చి గాయక బృందం, పిల్లలకు ట్యూషన్. బయటి దేశాల్లో ఉన్నవాళ్లకు తెలుగు సంఘం ఉగాది వంటల పనిలో చేరడం, స్టేజీ మీద కార్యక్రమం చూసి రావడం కంటే మేలు. ఉల్లిపాయలు తరుగుతుంటే మాటలు వాటంతటవే వస్తాయి.

పక్కా వేళ: "ఎప్పుడైనా మాట్లాడుకుందాం" అన్న మాట ఎప్పటికీ జరగదు. బావతో బుధవారం రాత్రి తొమ్మిదింటికి అని ఖాయం చేసుకోండి. చెప్పడానికేమీ లేకపోయినా ఫోన్ చేయండి. "ఏం తిన్నావ్" దగ్గర మొదలైనా సరే.

ఒక అలవాటు మాత్రం మానుకోండి. "నేను ఫోన్ చేయకపోతే ఎవరు గుర్తు చేసుకుంటారో చూద్దాం" అని మౌనంగా ఉండి అందరికీ పరీక్ష పెట్టడం. పరీక్ష ఉందని వాళ్లకు తెలియదు. అందరూ ఫెయిలవుతారు. బాధపడేది మీరు.

ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు. ఊరికే మనసులో మాట చెప్పుకోవడానికి కూడా.

## 8. రాత్రులు, ఫోను, మద్యం

రాత్రి పదకొండు దాటాక వచ్చే ఆలోచనల మీద నిర్ణయాలు తీసుకోవద్దు. రాజీనామా మెయిల్, బ్రేకప్ మెసేజ్, గ్రూపుల నుంచి ఎగ్జిట్, అన్నీ పొద్దున్నకు వాయిదా. ఫోన్ మంచానికి అందని దూరంలో చార్జింగ్ పెట్టండి. నిద్ర పట్టకపోయినా లేచే వేళ మార్చకండి.

మద్యం ఆ గంటకు బరువు తగ్గించినట్టే ఉంటుంది. మర్నాడు నిద్రనూ మనసునూ రెండింటినీ ఇంకా కిందికి లాగుతుంది. పైగా డిప్రెషన్ మందులతో కలిపి తాగకూడదు.

## 9. ఇప్పుడు, బతకడానికి కారణాలు

పైవి కొన్ని వారాలు నడిచాక ఈ ప్రశ్న తీసుకోండి. అప్పుడూ "జీవితానికి అర్థం" అని పెద్దగా అడక్కండి. "వచ్చే గురువారం దాకా ఉండడానికి ఏముంది?" అని అడగండి.

ముందుగా, చావాలనుకోవడానికీ ఒక బాధ ఆగిపోవాలనుకోవడానికీ తేడా చూసుకోండి. కాగితం రెండు భాగాలు చేసి, ఎడమవైపు ఏ బాధ ఆగితే బతకగలననిపిస్తుందో రాయండి. కుడివైపు దానికి ఎవరు సాయపడగలరో రాయండి.

- లోన్ యాప్ వాళ్ల బెదిరింపులు, ఆన్‌లైన్ మోసం: సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930
- ఇంట్లో హింస: మహిళా హెల్ప్‌లైన్ 181
- పరీక్ష పోయింది: ఈ మాట ఇంట్లో చెప్పడానికి తోడు వచ్చే మనిషి ఎవరు?
- అప్పు: మొత్తం ఎంత, ఎవరికెంత, ఇంట్లో ఎవరికి చెప్పాలి

ఇవి రాస్తున్నప్పుడు బాధ చిన్నదైపోదు. కానీ "అంతా అయిపోయింది" అన్న ఒక్క ముద్ద నాలుగు విడి విడి సమస్యలుగా కనిపిస్తుంది. వాటిలో ఒకటో రెండో ఈ వారమే కదిలించగలిగేవి ఉంటాయి.

తర్వాత కారణాల జాబితా. పెద్దపెద్దవి రాయకండి. తేదీ, పేరు ఉన్నవి రాయండి. చెల్లి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు తోడు వెళ్తానన్న మాట. వేసవికి ఇంట్లో పెట్టే కొత్త ఆవకాయ. రోజూ మెట్ల దగ్గర అన్నం కోసం ఎదురుచూసే కుక్క. సగంలో ఆపిన నవల. ఇంకొకరికి నవ్వు తెప్పించినా పర్లేదు, మీకు పని చేస్తే చాలు.

"అమ్మ ఏమైపోతుంది" అన్నది చాలామందిని నిలబెట్టిన కారణమే. కానీ అదొక్కటే పెట్టుకుంటే కొన్నాళ్లకు అపరాధభావంగా మారుతుంది. మీ కోసమైనవి కూడా రెండు ఉండాలి.

"నేను అందరికీ భారం" అన్న మాట వస్తే దాన్ని నిజంగా తీసుకోకండి, జబ్బు లక్షణంగా రాసుకోండి. భారమా కాదా అన్నది మీరు నాలుగో అంచెలో చెప్పుకున్న మనిషినే అడగండి.

## 10. మళ్లీ జారినట్టు అనిపిస్తే

డిప్రెషన్ మళ్లీ రావడం మామూలే. వస్తే మొదటిసారి కంటే త్వరగా పట్టుకోవచ్చు. ఆదివారం పొద్దున ఐదు ప్రశ్నలు:

- ఈ వారం ఎక్కువ రోజులు స్నానం చేశానా?
- వేళకు తిన్నానా?
- ఫోన్‌లో గానీ ఎదురుగా గానీ ఒకరితోనైనా నిజంగా మాట్లాడానా?
- మందులు వదలకుండా వేసుకున్నానా?
- చావు ఆలోచనలు లేకుండా గడిచిందా?

చివరిదానికి "లేదు" అయితే ఆ రోజే మీ మనిషికి చెప్పి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఆలోచన బలంగా ఉంటే 1వ అంచెకు వెళ్లండి. మిగతావాటిలో రెండు "లేదు"లు రెండు వారాలు వరుసగా వస్తే కూడా అపాయింట్‌మెంట్, "ఇంకో వారం చూద్దాం" వద్దు.

మిగిలిపోయిన పాత స్ట్రిప్‌తో మీరే మళ్లీ మొదలుపెట్టొద్దు. పాత చీటీ తీసుకుని వెళ్లండి, పోయినసారి ఏ మందు ఎంత మోతాదులో పనిచేసిందో డాక్టరుకు తెలిస్తే కొత్తగా వెతుక్కునే పని తగ్గుతుంది. ఆ చీటీ ఫొటో మీ కాగితంలో పేరున్న మనిషికి కూడా పంపి ఉంచండి. మాట్లాడే ఓపిక లేని రోజున ఓపీలో మీ తరఫున వాళ్లు చెప్పగలుగుతారు.